కంచె వేసే ముందు మూర వేసి చూడండి

పెరటి ప్రశ్నలు

తొలకరి పడిందంటే నాకు వచ్చే ఉత్తరాల్లో సగం కంచెల గురించే ఉంటాయి. ఏ మొక్క వేయాలి, ఎంత ఎడం ఇవ్వాలి, ఎప్పటికి గుబురవుతుంది అని. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. నేను కడియపులంక నర్సరీల మధ్య పుట్టి పెరిగినదాన్ని. మా ఊళ్ల నుంచి కంచె మొక్కలు లారీలకు లారీలు రాష్ట్రాలు దాటి వెళ్తుంటాయి. అలా వెళ్లినవాటిలో ఎన్ని నిజంగా కంచెలయ్యాయన్నదే నా బెంగ. మొక్క కొనేటప్పుడు ఉన్న శ్రద్ధ కందకం తవ్వేటప్పుడు ఉండదు. మొదటి కత్తిరింపుకైతే చాలామందికి అసలు చేతులే రావు. కంచె బాగుపడినా చెడినా ఆ రెండు చోట్లే.

ప్రశ్న: అమ్మా, నమస్తే. ఈమధ్యే ఇల్లు కట్టుకున్నాం. ముందు వైపు 48 అడుగులు, మధ్యలో 12 అడుగుల గేటు. అక్కడ గోడ వద్దు, గోరింట కంచె పెంచుకుందామని మా అత్తగారి కోరిక. నర్సరీ అతను ఆరంగుళాలకో మొక్క పెట్టమన్నాడు. పక్కింటి మాస్టారేమో మూడడుగుల ఎడం ఉండాల్సిందే అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
— ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. గోరింట మంచి ఎంపిక. ఎండకు తట్టుకుంటుంది, ఎన్నిసార్లు కత్తిరించినా మళ్లీ చిగురు వేస్తుంది, ఆషాఢానికి ఇంట్లోనే ఆకు దొరుకుతుంది.

దూరం సంగతికొస్తే, మీరు విన్న రెండు మాటలకూ మధ్యలో ఉంది జవాబు. గోరింటకు మూరెడు చాలు. మూరంటే మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా, లెక్కకు 18 అంగుళాలు. గేటు పోగా మీకు అటు 18 అడుగులు, ఇటు 18 అడుగులు మిగులుతాయి. అంటే వైపుకు 12 మూరలు. గేటు స్తంభం నుంచి జానెడు వదిలి మొదటి మొక్క పెట్టి, అక్కడి నుంచి మూరకొకటి చొప్పున వెళ్తే వైపుకు 12, మొత్తం 24 మొక్కలు పడతాయి. ఆరంగుళాల లెక్కన 72 కొనాలి. మూడడుగుల లెక్కన 12 సరిపోతాయి. తేడా డబ్బులో మాత్రమే ఉంటే నేనింత చెప్పను. ఆరంగుళాలకు పెట్టిన వరుస మొదటి ఏడాది కళకళలాడుతుంది. రెండో ఏడు వేళ్లు ఒకదాని మీద ఒకటి పడి, నీడన పడ్డ బలహీనమైనవి చచ్చిపోతాయి. ఏది పోతుందో మన చేతిలో ఉండదు కాబట్టి ఖాళీ ఎక్కడ పడాలని ఉంటే అక్కడ పడుతుంది. ఇక మూడడుగుల ఎడంలో గోరింట పైన కలుస్తుంది గానీ కింద కలవదు. కుక్కలు, కోళ్లు దూరేది కిందనుంచే కదా.

వెడల్పుకు చోటుంటే రెండు వరుసలు వేసుకోవచ్చు. వరుసకూ వరుసకూ మధ్య అడుగు, ఒకే వరుసలో మొక్కకూ మొక్కకూ రెండడుగులు. ముందు వరుసలో ఖాళీకి ఎదురుగా వెనక వరుస మొక్క రావాలి. అప్పుడు మొత్తం 36 మొక్కలు పడతాయి. ఈ పద్ధతిలో కంచె దట్టంగా వస్తుంది, కానీ నిండా పెరిగాక మూడు నాలుగడుగుల వెడల్పు తినేస్తుంది. వాకిలి చిన్నదైతే ఒక వరుసే మేలు.

హద్దు గీత మీద మాత్రం నాటకండి. ఒంటి వరుస గోరింట కూడా పెరిగాక రెండున్నర అడుగుల వెడల్పు అవుతుంది. గీత నుంచి కనీసం అడుగున్నర లోపలికి జరపండి. లేకపోతే సగం కంచె రోడ్డు మీదికో మురుగు కాలువ మీదికో వాలుతుంది, దాన్ని ఎవరు పడితే వాళ్లు ఎలా పడితే అలా నరుకుతారు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన పని. ఇల్లు కట్టినచోట నేల పైకి బాగానే కనిపిస్తుంది. గునపం దించి చూడండి, రెండు జానల లోతున ఇటుక ముక్కలు, గట్టిపడ్డ సిమెంటు పాలు, టైల్సు పెంకులు తగులుతాయి. అందుకే విడివిడి గుంతలు వద్దు. వరుస పొడుగునా అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు కందకం తీయించండి. పైమట్టి ఒక పక్కన, లోపలి మట్టి ఇంకో పక్కన పోయించండి. చెత్తంతా ఏరి పారేశాక మూడు తట్టల పైమట్టికి ఒక తట్ట చివికిన పశువుల ఎరువు కలిపి, మొక్కకు గుప్పెడు వేపపిండి చొప్పున వేసి పూడ్చండి. పచ్చి పేడ వేస్తే చెదల్ని పిలిచినట్టే. మీది డెల్టా నల్లమట్టి. కందకంలోకి దిగిన నీరు తొందరగా ఇంకదు, వానాకాలంలో వేళ్లు కుళ్లుతాయి. కాబట్టి పూడ్చిన మట్టిని నేల మట్టానికి ఆరంగుళాలు పైకి కట్టలా లేపి, ఆ కట్ట మీద నాటండి. నాటడానికి వారం ముందే బాగా తడిపి వదిలేస్తే మట్టి దిగాల్సినంత దిగిపోతుంది.

మొక్కలు నిలువెత్తువి కొనకండి. నాలుగడుగుల మొక్క కవర్లో చూడ్డానికి బాగుంటుంది, కింద మూడడుగులు మాత్రం ఒట్టి పుల్ల. అడుగు ఎత్తున్నా మొదట్లోనే మూడు నాలుగు కొమ్మలు చీలినది తీసుకోండి. బంధువుల పెరట్లో ముదురు గోరింట ఉంటే ఆ ఖర్చు కూడా అక్కర్లేదు. పెన్సిలంత లావు కొమ్మల్ని జానెడు జానెడు ముక్కలుగా కోసి, మూడింట రెండు వంతులు మట్టిలో ఉండేలా కవర్లలో గుచ్చితే వేరు పడుతుంది. మా దగ్గర ఈ పని ఆడవాళ్లు చేస్తారు. ముక్కను గుచ్చాక బొటనవేళ్లు రెండూ పెట్టి చుట్టూ మట్టిని గట్టిగా అదుముతారు. పక్కన గాలి నిలిచిందంటే ఆ ముక్క ఎండిపోతుందని వాళ్లకు తెలుసు. ఇంట్లో చేసేటప్పుడు చాలామంది ఆ అదమడమే మరిచిపోతారు.

నాటేటప్పుడు పురికొస లాగి కట్టుకోండి, కంటి అంచనా వద్దు. కవరును బ్లేడుతో నిలువునా చీల్చి, అడుగున చుట్టలు చుట్టుకున్న వేళ్లుంటే విడదీయండి. కవర్లో మట్టి ఎంత దాకా ఉందో నేలలోనూ అంత దాకానే ఉండాలి. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో నాటితే వానలే సగం నీళ్లు పోస్తాయి.

మూడు నాలుగు వారాలకు కొత్త చిగుళ్లు కనబడతాయి. అప్పుడు కత్తెర తీసుకుని నేల నుంచి జానెడు ఎత్తులో అన్నిటినీ కోసేయండి. అవును, పచ్చగా తిరుగుతున్న మొక్కనే. కొమ్మ కొస ఉన్నంతసేపు అది కింది మొగ్గల్ని నిద్రపుచ్చుతుంది. కొస తీసేస్తే ఆ మొగ్గలు మేలుకుని ఒక్క కొమ్మకు బదులు మూడు నాలుగు వస్తాయి. మోకాలి ఎత్తు దాకా కంచె ఎంత దట్టంగా ఉండాలన్నది ఆ రోజే తేలిపోతుంది. తర్వాత కొత్త కొమ్మలు జానెడు పెరిగినప్పుడల్లా పెరిగిన దాంట్లో సగం తీస్తూ రండి. ఇలా చేస్తే మూడడుగుల ఎత్తుకు రావడానికి ఏడాదిన్నర పట్టొచ్చు. ఆ ఏడాదిన్నర ఓర్చుకోండమ్మా. ఎత్తు తొందరగా రావాలని వదిలేసిన కంచెకు ఆ కింది భాగాన్ని తర్వాత తెచ్చిపెట్టడం ఎంత కష్టమో కింద ఇంకో జవాబులో చూస్తారు.

ప్రశ్న: అక్కా, నాకు రెండెకరాల చెల్క ఉంది. కూరగాయలు పెడుతున్నా. మేకలతోటి వేగలేక పోతున్న. ఇనుప కంచె వేసే తాహతు లేదు. చెట్లతోనే కంచె వేసుకోవచ్చు అంటున్నరు, అయితదా? ఎన్ని మొక్కలు కావాలె?
— ఒక రైతు, జనగామ జిల్లా

జవాబు: అవుతుంది తమ్ముడూ. అయితే రెండేళ్లు కాపాడుకోవాలి. ఇది ముందే తెలిసి మొదలుపెడితే మధ్యలో నిరుత్సాహం రాదు.

ముందు కొలత. రెండెకరాలు చదరంగా ఉంటే ఒక్కో వైపు 295 అడుగులు, చుట్టూ దాదాపు 1,180 అడుగులు. పొడుగ్గా ఉన్న చెల్కకు చుట్టుకొలత ఇంకా పెరుగుతుంది, కాబట్టి ఒకసారి టేపు పట్టి కొలవండి. మీకు నేను చెప్పేది వాక. వాక్కాయ పప్పు తిననివాళ్లు ఉండరు గానీ, ఆ చెట్టును కంచెగా చూసేవాళ్లు తగ్గిపోయారు. చిన్న ఆకులు, రెండుగా చీలిన గట్టి ముళ్లు, ఎర్రనేలలో నీళ్లు లేకున్నా బతికే గుణం. రెండు వరుసలు వేయండి. మొక్కకూ మొక్కకూ మూడడుగులు, వరుసల మధ్య రెండడుగులు, ఒకదాని ఖాళీకి ఎదురుగా ఇంకోటి. వరుసకు 393 చొప్పున రెండు వరుసలకూ కలిపి 790 దాకా కావాలి. పాడైనవాటి చోట పెట్టడానికి ఇంకో 80 మొక్కలు నీడలో కవర్లలోనే ఉంచుకోండి.

ఇన్ని మొక్కలు కొనడం భారమే. అందుకే గింజ నుంచి పెంచుకోండి. వానాకాలంలో నల్లగా పండిన వాక్కాయలు తెచ్చి పిసికి, జిగురు పోయేలా గింజల్ని కడిగి, నీడన ఆరబెట్టి వెంటనే విత్తండి. వాక గింజ దాచుకునేది కాదు, నెలలు గడిస్తే మొలకెత్తదు. ఈ ఏడు కవర్లలో పెంచి వచ్చే మృగశిరలో పొలంలో నాటితే మొక్కకు బలం ఉంటుంది. నాటిన ఏడాదే జానెడు ఎత్తుకు కోయడం దీనికీ తప్పదు.

వాక ఎదిగేలోపు మేకల సంగతి? ఇక్కడే అడ్డసరం పనికొస్తుంది. దగ్గుకు వాడే ఆకే. మేక అన్నిటికీ మూతి పెడుతుంది గానీ అడ్డసరానికి పెట్టదు. వావిలి కూడా అంతే. రెండూ కొమ్మ నాటితే వస్తాయి. వానలు మొదలవగానే బొటనవేలంత లావు కొమ్మల్ని అడుగు పొడుగున కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా, వాక వరుసకు బయటి వైపు అడుగుకొకటి గుచ్చుకుంటూ పొండి. దీనికి పైసా ఖర్చు లేదు. అయినా మొదటి రెండేళ్లు వెలుపల తుమ్మకంప పరచక తప్పదు. సర్కారు తుమ్మ కంప కొట్టుకొచ్చి వేయండి, కానీ దాన్నే కంచెగా బతికించకండి. కాయలు తిన్న పశువుల పేడలో గింజలు పడి పొలమంతా మొలుస్తుంది, తర్వాత తీయడం మీ వల్ల కాదు.

గట్టు మీదనే నాటకండి. గట్టుకు మూడడుగులు మీ వైపు జరపండి. నీడ పడిందనో వేళ్లు వచ్చాయనో పక్క చెల్క వాళ్లతో మాట పడే పరిస్థితి రాకూడదు. హద్దు రాళ్లు ఉన్నచోట రెండు వైపులా మొక్క మానేసి రాయి బయటికి కనబడేలా ఉంచండి. పదేళ్ల తర్వాత సర్వేయరు వస్తే పొదల్లో రాయి వెతుక్కోవాల్సిన అవసరం ఉండదు. కూరగాయల మడులు కంచెకు నాలుగడుగులు ఇవతల మొదలుపెట్టండి. ఏడాదికోసారి ఆ దారి పొడుగునా పార దించి మడి వైపు వచ్చే వేళ్లు తెంపితే మీ టమాటా ఎరువు కంచెకు పోదు.

వాక ముళ్ల మీద నాకున్న నమ్మకానికి చరిత్రలో కూడా ఆధారం ఉంది. బ్రిటిష్ వాళ్లు ఉప్పు దొంగరవాణా ఆపడానికి ఉత్తర, మధ్య భారతాల మీదుగా వందల మైళ్ల పొడుగున ముళ్ల కంచె పెంచారు. అందులో వేసినవి ఏవనుకున్నారు, రేగు, వాక, నాగజెముడు లాంటివే. మనుషుల నోటి దగ్గరి ఉప్పుకు పన్ను వేయడానికి కట్టిన కంచె అది, 1879లో దాన్ని వదిలేశారు. ఆ పని పాడుదే గానీ మొక్కల ఎంపికలో తప్పు లేదు. మీ చెల్కలో అదే వాక మీ వంగ తోటను కాపాడితే నాకు ఎంతో సంతోషం. పైగా కాయ మిగులుతుంది. పచ్చడికీ పప్పుకీ అమ్ముడుపోతుంది. బేకరీ కేకుల మీద ఎర్రగా పెట్టే చెర్రీలు చాలావరకు పాకం పట్టిన ఈ వాక్కాయలే.

ప్రశ్న: మేడమ్, మా దురంత కంచె మూడేళ్లది. పైన గొడుగులా పచ్చగా ఉంది, కింద రెండడుగుల మేర పుల్లలు బయటపడ్డాయి. వీధి కుక్కలు హాయిగా వచ్చి పోతున్నాయి. ఖాళీల్లో కొత్త మొక్కలు పెట్టమంటారా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: పెట్టొద్దండి. ఆ నీడలో, ఆ వేళ్ల మధ్యలో కొత్త మొక్క నిలదొక్కుకోదు. మీ కంచెకు వచ్చింది జబ్బు కూడా కాదు, వెలుతురు కరువు. మన వీధుల్లో పది కంచెలు చూస్తే ఎనిమిదింటికి పై భాగం వెడల్పుగా, కింది భాగం సన్నగా ఉంటుంది. కత్తెర పట్టినవాళ్లు నిలబడి చేతికి అందినచోట కోస్తారు, కిందికి వంగరు. పై ఆకు కింది ఆకుకు ఎండ రానివ్వదు. ఎండ అందని ఆకును చెట్టు వదిలేస్తుంది.

కంచె ఆకారం కింద వెడల్పుగా, పైన సన్నగా ఉండాలి. నేల దగ్గర రెండున్నర అడుగులుంటే పైన అడుగున్నరకు మించకూడదు. చేతి అంచనాకు ఇది రాదు. రెండు చివర్లా రెండేసి కర్రలు లోపలికి వాల్చి పాతి, వాటికి పైనా కిందా పురికొస కట్టి, ఆ తాడు వెంబడి కోయించండి.

ఇప్పుడున్న కంచెను బాగుచేయాలంటే కొంచెం గుండె దిటవు చేసుకోవాలి. వానలు బాగా పట్టుకున్నాక నేల నుంచి అడుగు ఎత్తులో మొత్తం నరికించండి. దురంత తట్టుకుంటుంది. ముదురు కాండం మీద బెరడు లోపల నిద్రపోతున్న మొగ్గలుంటాయి, రెండు మూడు వారాల్లో చిన్న చుక్కల్లా పొడుచుకొస్తాయి. ఒక్కసారిగా ఇల్లంతా బయటపడుతుందని ఇబ్బందిగా ఉంటే ఈ ఏడు రోడ్డు వైపు ముఖం మాత్రమే కాండం దాకా కోయించి, లోపలి వైపు వచ్చే ఏడు చేయండి. నరికే ముందు రెండు తడులు పెట్టండి, నరికాక మొదళ్ల చుట్టూ చివికిన ఎరువు వేయండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి. అప్పటిదాకా నీడలో ఉన్న బెరడు ఆ ఎండకు కాలిపోతుంది.

ప్రశ్న: నూరువరహాల కంచె వేశాం. అడుగుకొకటి పెట్టాం. ఆకులు పసుపు పచ్చగా మారుతున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. దగ్గరగా పెట్టడం వల్లా?
— బేతంచెర్ల, నంద్యాల జిల్లా

జవాబు: మీ దూరం సరిగ్గానే ఉంది. ఊరి పేరు చూడగానే కారణం తెలిసింది. సున్నపురాయి నేల మీది. సున్నం ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు, నూరువరహాలు దానికి అందరికన్నా ముందు అలుగుతుంది. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోవడం ఇనుము లోపమే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. వారం పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు చేస్తే కొత్త చిగురు పచ్చగా వస్తుంది. బోరు నీళ్లు కఠినమైనవైతే వాన నీళ్లు పట్టి పోయడం మంచిది. ఇంకా కంచె పొడిగించాలనుకుంటే మాత్రం అక్కడ నూరువరహాలకు బదులు గోరింట గానీ నాలుగడుగుల ఎడంలో కాగితం పూలు గానీ వేయండి. మందు కొట్టుకుంటూ పెంచే కంచె ఇంటికి బరువు.

ప్రశ్న: మా అపార్టుమెంటు అసోసియేషన్ వాళ్లు చుట్టూ కొనోకార్పస్ వేద్దామంటున్నారు. తొందరగా పెరుగుతుంది, నీళ్లు అక్కర్లేదు అంటున్నారు. మీ సలహా?
— మియాపూర్, హైదరాబాద్

జవాబు: వద్దు. హరితహారంలో రోడ్ల పొడుగునా విరివిగా వేసిన మొక్కే అది. వేళ్లు నీటి పైపుల్లోకి, డ్రైనేజీల్లోకి చొరబడతాయన్నది, పుప్పొడి వల్ల ఎలర్జీ, ఆస్తమా ఉన్నవాళ్లు ఇబ్బంది పడతారన్నది ప్రధాన ఫిర్యాదులు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. తొందరగా పెరిగే మొక్క కావాలనే కోరికలోనే తంటా ఉంది. తొందరగా పెరిగేది పెరగడం ఆపదు, నెలకోసారి కత్తెర పట్టే మనిషికి జీతం ఇవ్వాలి. మీకు తలెత్తు కంచె చాలనుకుంటే మధుకామిని వేయండి. రెండడుగుల ఎడం, తెల్లని పూలు, మంచి వాసన. ఒక్క షరతు: దగ్గర్లో నిమ్మ, బత్తాయి తోటలుంటే వద్దు. ఆ చెట్లకు పచ్చదనపు తెగులు మోసే పేనుకు మధుకామిని ఇల్లవుతుంది. మియాపూర్‌లో ఆ భయం లేదు.

ప్రశ్న: మా పాపకు రెండేళ్లు. ఏది కనిపించినా నోట్లో పెట్టుకుంటుంది. కంచెకు గన్నేరు పనికొస్తుందా?
— ఒంగోలు

జవాబు: పాప పెద్దయ్యేదాకా గన్నేరు ఆలోచనే వద్దమ్మా. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు, అన్నీ విషమే. ఎండుకొమ్మలు కాల్చినా ఆ పొగ మంచిది కాదు. పచ్చ గన్నేరు కాయ అయితే ఇంకా ప్రమాదం. దురంత పసుపు పండ్లు కూడా పిల్లల్ని ఆకర్షిస్తాయి, అవీ విషమే. నేపాళం, అంటే అడవి ఆముదం, గింజలు తిని పిల్లలు వాంతులతో ఆసుపత్రి పాలైన ఘటనలు తరచూ వింటుంటాం. మీకు మందారం మంచిది. రెండున్నర అడుగుల ఎడంలో ముద్దమందారం కాకుండా రేకు మందారం వేయండి, అది గుబురుగా వస్తుంది. పూలు కొత్త కొమ్మల మీదే వస్తాయి కాబట్టి పెద్ద కత్తెరతో చదునుగా గొరగకుండా, పొడుగైన కొమ్మను చూసి ఒక్కోదాన్నే లోపలికి కోయండి. పిండినల్లి కనిపిస్తే ఆ కొమ్మ కోసి కవర్లో కట్టి పారేసి, మిగతా చెట్టును నీళ్ల పైపుతో ఒత్తిడిగా కడగండి.

ప్రశ్న: కంచె కత్తిరిద్దామని చూస్తే లోపల పిగిలిపిట్ట గూడు ఉంది, మూడు గుడ్లు. వారంలో ఇంట్లో పెళ్లి. కంచె అంతా చింపిరిగా ఉంది. ఏం చేయమంటారు?
— అమలాపురం

జవాబు: శుభకార్యానికి నా ఆశీస్సులు. గూటికి అటు మూడడుగులు, ఇటు మూడడుగులు వదిలేసి మిగతా కంచె కత్తిరించుకోండి. గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగిరిపోవడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. ఆ నెల రోజులూ ఆరడుగుల మేర కాస్త పెరిగితే పెళ్లికి వచ్చినవాళ్లు ఎవరూ తప్పు పట్టరు. గూటి మీది కొమ్మ కోస్తే మాత్రం కాకి కన్ను ఆ రోజే పడుతుంది.

ప్రశ్న: పదేళ్ల గోరింట కంచెలో మధ్యలో రెండు మొక్కలు చనిపోయాయి. అక్కడ కొత్తవి పెడితే రెండుసార్లూ బతకలేదు. కారణం ఏమిటి?
— సూర్యాపేట

జవాబు: అటూ ఇటూ ఉన్న ముదురు మొక్కల వేళ్లు ఆ ఖాళీని ఎప్పుడో ఆక్రమించేశాయి. మీరు పోసిన నీళ్లు, వేసిన ఎరువు వాటికే చేరుతున్నాయి. పాత మొదళ్లు వేళ్లతో సహా తవ్వి తీయండి. రెండడుగుల లోతు గుంత తీసి, రెండు పక్కలా పార నిలువుగా దించి లోపలికి వచ్చిన వేళ్లు తెంపండి. ఆ రెండు పక్కలకూ పాత రేకు ముక్కలో, మందపాటి ప్లాస్టిక్ షీటో అడ్డంగా నిలబెట్టండి. పాత మట్టి తీసేసి కొత్త మట్టి, ఎరువు నింపండి. మొక్క కూడా అడుగుది కాకుండా పెద్ద కవర్లో రెండేళ్లు పెరిగినది తెచ్చుకోండి, ఇక్కడ మాత్రం పెద్ద మొక్కే కావాలి. పక్క మొక్కల కొమ్మలు ఆ ఖాళీ మీదికి వాలకుండా ఏడాది పాటు వెనక్కి కోస్తూ ఉండండి. వేసవిలో ఆ ఒక్కదానికి విడిగా, మొదట్లో పాతిన చిల్లు కుండ ద్వారా నీళ్లు పోయండి. రెండో వానాకాలానికి పక్కవాటిని అందుకుంటుంది, అప్పుడు రేకులు తీసేయండి.